బసవపున్నయ్య చేతి తీపి

గవర్నరుపేటలో వెంకటరత్నమ్మగారి భోజనశాల తెలియని గుమాస్తా ఆ రోజుల్లో బెజవాడలో లేడు. బోర్డు మీద పేరు ఆవిడది. జనం వచ్చేది మాత్రం లోపల పొయ్యి దగ్గర నిలబడ్డ బసవపున్నయ్య కోసం. పొట్టి మనిషి, నెత్తిన ఎప్పుడూ తడి తువ్వాలు. ఇరవై రెండేళ్ళుగా ఆ పొయ్యి ముందు నుంచి కదిలింది లేదు. అతను బంగాళాదుంప వేపుడు చేస్తే ముక్క పైన కరకరలాడేది, లోపల మెత్తగా ఉండేది, రంగు పసుపుకీ ఎరుపుకీ మధ్య ఎక్కడో సరిగ్గా ఆగేది. దాని మీద వెల్లుల్లి కారం చల్లి దించేవాడు. తిన్నవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ మారు అడిగేవాళ్ళు.

పెళ్ళి చేసుకోలేదు. తీరిక లేదనేవాడు గానీ, అసలు ఎవరూ అడగలేదు. అతనికి మూడేళ్ళప్పుడు తల్లి పోయింది, తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, ఆ తండ్రీ పోయాక కంకిపాడు దగ్గరి పల్లె నుంచి పదిహేనేళ్ళకే బెజవాడ వచ్చిపడ్డాడు. ఇల్లన్నా, వాకిలన్నా, బలగమన్నా అన్నీ ఆ పొయ్యే. వెనక వైపు పడుకోవడానికి ఒక గది, అందులో ఒక నులకమంచం.

అతనికి రెండు నియమాలు. ఒకటి, వండేటప్పుడు రుచి చూడడు. వాసన, చిటపటల చప్పుడు, ఆ రెండూ చాలు, ఎంగిలి చేసిన కూర మనిషి విస్తట్లో పెట్టకూడదంటాడు. రెండోది, వంటింట్లోకి బెల్లం రానివ్వడు. గోదావరి జిల్లాల వాళ్ళు పప్పులోనూ పులుసులోనూ బెల్లం ముక్క పడేస్తారని బెజవాడలో అందరూ ఎకసెక్కంగా చెప్పుకునేదే. బసవపున్నయ్య దాన్ని ఎకసెక్కంగా తీసుకోలేదు. "కూరలో తీపి వేసేవాడు వంటవాడు కాదండీ, మిఠాయి కొట్టువాడు" అనేవాడు. భీమవరం నుంచి ఒకడు పని అడగడానికి వస్తే, బయటే నిలబెట్టి మాట్లాడి, వాడు వెళ్ళాక గడప కడిగించాడు. ఇది కొంచెం అతే. కానీ ఇరవై రెండేళ్ళు ఒకే పొయ్యి ముందు నిలబడ్డ మనిషికి ఆ మాత్రం అతి ఉంటుంది.

డెబ్భై నాలుగు మే నెలలో రైళ్ళు ఆగిపోయాయి. దేశమంతా సమ్మె. ఉత్తరాది నుంచి దుంపలు రావాల్సిన వ్యాగన్లు ఎక్కడివక్కడ నిలిచాయి. వన్ టౌన్‌లో ఒక దుంపల వ్యాపారి, ఇబ్రహీంపట్నం దారిలోని కోల్డు స్టోరేజీలో మార్చి నుంచీ దాచిన బస్తాలు ఆ అదను చూసి బయటికి తీశాడు. ఊళ్ళో నిప్పులు చెరిగే ఎండ. బస్తా మీద చెయ్యి వేస్తే మంచులా చల్లగా తగిలింది. ఆ చల్లదనానికి మురిసిపోయి బసవపున్నయ్య రెండు బస్తాలు ఎక్కువే దింపించుకున్నాడు.

మర్నాడు వేపుడు నల్లబడింది. ముక్క ఉడక్కముందే పైన మాడు రంగు వచ్చేసింది. నూనె మార్చాడు, నల్లబడింది. మూకుడు తోమించాడు, నల్లబడింది. కట్టెలు తగ్గించి సన్నసెగ మీద వేపితే ఇంకా నల్లబడింది. రుచి చూసే అలవాటు లేదు గనక అలాగే వడ్డించాడు.

మూడో బల్ల దగ్గర రత్తయ్యగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. ఈయన ఒక ప్లీడరు దగ్గర గుమాస్తా, పదేళ్ళుగా నెల టిక్కెట్టు మీద తింటున్న మనిషి. వేసవి సెలవులకు కోర్టులు మూశారు. వాయిదాలు లేవు, సాక్షులు లేరు, ఆయనకేమో ఏదో ఒకటి విచారించకపోతే అన్నం అరగదు.

"ఏమయ్యా బసవపున్నయ్యా, ఇది వేపుడా, పాకం ఉండా?" అన్నారు.

"ఎగతాళి ఎందుకండీ గుమాస్తాగారూ."

"ఎగతాళి కాదయ్యా. తిని చూడు."

హాలంతా చూస్తోంది. బసవపున్నయ్య ఇరవై రెండేళ్ళలో మొదటిసారి వడ్డన ముగియకముందే తన కూర తాను నోట్లో పెట్టుకున్నాడు. కారం తగిలింది, ఉప్పు తగిలింది, వాటి వెనకాల నింపాదిగా తీపి వచ్చింది. అనుమానం లేదు, తీపే.

ఆ పూటే విచారణ మొదలైంది. రత్తయ్యగారు మూడో బల్ల మీద తెల్ల కాగితం పరిచి తేదీ వేసి, వంటింట్లో డబ్బాలన్నీ బయట పెట్టించారు. ఉప్పు, కారం, పసుపు, ధనియాలు ఒక్కొక్కటి వేలికి అద్ది నాలిక్కి రాసుకుని, రాసుకున్నట్టు కాగితం మీద రాసుకున్నారు. బెల్లం ఒక్కచోటే దొరికింది. అది వెంకటరత్నమ్మగారి దేవుడి గూట్లో నైవేద్యానికి పెట్టిన గడ్డ.

"అది దేవుడిది. ఆయన్ని కూడా పిలుస్తారా ఏం?" అంది ఆవిడ.

"అవసరమైతే చూద్దామండీ" అని రత్తయ్యగారు "బెల్లం, ఒక గడ్డ, చీమలతో సహా" అని కాగితం మీద ఎక్కించారు. ఆ తర్వాత కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, అసలు మాటకు వచ్చారు. బెల్లం వెయ్యకుండా కూర తియ్యనయ్యిందంటే ఆ తీపి మనిషి చేతిలోంచి వచ్చి ఉండాలి. చేతిలోకి రక్తంలోంచి వచ్చి ఉండాలి.

"అసలు మీది ఏ జిల్లా, బసవపున్నయ్యా?"

మాట నవ్వుతూనే అడిగారు గానీ ఎవరూ నవ్వలేదు. నలభై మంది ముద్దలు ఆపి ఎదురుచూశారు.

సాయంత్రం వెంకటరత్నమ్మగారు అతన్ని గల్లా దగ్గరికి పిలిచింది. "నాకు నీ మీద అనుమానం లేదు. కానీ టిక్కెట్లవాళ్ళు అనుమానపడితే నేనూ పడాలి కదా. కోర్టులు తెరిచేలోగా తేల్చుకో. లేదంటే ఆ తెనాలి వంటవాడు తిరుపతిరావు ఎప్పుడంటే అప్పుడు వస్తానంటున్నాడు."

"ఆ పొయ్యి పోతే నేనెక్కడికి పోతానండీ అమ్మగారూ" అన్నాడు బసవపున్నయ్య. ఆవిడ గల్లాలో చిల్లర లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

రెండు రోజుల తర్వాత బస్సెక్కి సొంత ఊరు వెళ్ళాడు. కరణంగారు చెప్పిందంతా విని, కాస్తయినా ఆశ్చర్యపోకుండా కలం తీశారు. "సదరు బసవపున్నయ్య ఈ గ్రామంలోనే పుట్టినవాడనీ, ఇతనికి తీపి అలవాటు ఉన్నట్టు గ్రామంలో ఎవరూ ఎరగరనీ ధ్రువీకరించడమైనది" అని రాసి ముద్ర గుద్ది ఇచ్చారు. బసవపున్నయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పోయే ముందు చూసి పోదామని మేనత్త సీతమ్మ ఇంటికి వెళ్ళాడు.

ఎనభై ఏళ్ళ మనిషి. వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. సంగతి విని చేతిలో పని ఆపింది.

"మీ అమ్మది పాలకొల్లు పక్కన కదరా. నీకు తెలీదూ?"

అతనికి తెలీదు. ఎవరూ చెప్పలేదు. సవతితల్లి ఉన్న ఇంట్లో మొదటి భార్య మాట ఎవరెత్తుతారు?

"అన్నిట్లోనూ బెల్లం వేసేదిరా. పప్పులో వేసేది, పులుసులో వేసేది, గుమ్మడికాయ కూరలో అయితే చెప్పనే అక్కర్లేదు. మా అమ్మకి ఒళ్ళు మండేది. బెల్లం కుండ తీసుకెళ్ళి అటక మీద పెట్టింది. మీ అమ్మ పీట మీద పీట వేసుకుని దించుకునేది" అని సీతమ్మ నవ్వింది. ఆ తర్వాత నవ్వు తగ్గించి, "ఆవిడ పోయాక నువ్వు నెల్లాళ్ళు పులుసన్నం ముట్టలేదురా అబ్బాయ్. తియ్యగా లేదని ఒకటే ఏడుపు. చూళ్ళేక, పచ్చిమిరపకాయ నూరి పెట్టి అలవాటు చేశాం. వారం తిరిగేసరికి మర్చిపోయావు" అంది.

తిరుగు బస్సులో బసవపున్నయ్య కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. జేబులో కరణంగారి కాగితం ఉంది, అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అయినా తనను తాను దొంగ అనుకున్నాడు. ఇన్నాళ్ళూ గడపలు కడిగించింది ఎవరి వాళ్ళు తొక్కారని? ఆ చెయ్యి అమ్మ చెయ్యే అయితే, ఎప్పుడో ఒకప్పుడు ఆ తీపి పైకి తేలకుండా ఉంటుందా? మర్నాటి నుంచి గరిటె ఎడమచేత్తో పట్టాడు. వేపుడు సగం పొయ్యిలోనే పడింది, మిగతా సగం అంతే తియ్యగా ఉంది. "ముద్దాయి చెయ్యి మార్చాడు" అని రత్తయ్యగారు రాసుకున్నారు.

ఐదో బల్ల దగ్గర మరియదాసు అని ఒకతను తినేవాడు. పక్క వీధిలో ఒక డాక్టరుగారి దగ్గర రక్తం, మూత్రం పరీక్షలు చేసే ఉద్యోగం. ఎప్పుడూ గట్టిగా మాట్లాడడు. ఆ రోజు మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టి, "తీపి ఎక్కడుందో చెప్పే మందు నా దగ్గరుందండీ" అన్నాడు.

మర్నాడు భోజనాలయ్యాక స్పిరిటు దీపం, గాజు గొట్టాలు, నీలం రంగు మందు సీసా తెచ్చి మూడో బల్ల మీద పెట్టాడు. షుగరు ఉన్నవాళ్ళ మూత్రం ఎనిమిది చుక్కలు ఆ మందులో వేసి కాస్తే రంగు తిరుగుతుందట. కొంచెం ఉంటే ఆకుపచ్చ, పెరిగేకొద్దీ పసుపు, నారింజ, మరీ ఎక్కువైతే ఇటుక రంగు. ఏమీ లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. అన్నం తినే బల్ల మీద ఈ గొడవేమిటని వెంకటరత్నమ్మగారు గొణిగింది గానీ, అందరికంటే ముందుకొచ్చి నిలబడింది కూడా ఆవిడే.

ముందు బసవపున్నయ్య చెయ్యి. గిన్నెలో నీళ్ళు పోసి కుడిచెయ్యి ముంచి కడగమన్నారు. ఆ నీళ్ళు ఎనిమిది చుక్కలు గొట్టంలో పడ్డాయి. దీపం మీద మందు సలసల కాగుతుంటే బసవపున్నయ్య నెత్తిన తువ్వాలు తీసి పిండసాగాడు. ఇటుక రంగు వచ్చి తీరుతుందని అతనికి తెలుసు. మిగతా వాళ్ళకు తెలియనిది తనకు తెలుసు.

నీలం నీలంగానే ఉంది.

"ఈ చేతిలో తీపి లేదండీ" అన్నాడు మరియదాసు. బసవపున్నయ్య బల్ల పట్టుకుని నిలబడ్డాడు. గండం గడిచినందుకు ముందు సంతోషం వేసింది. ఆ వెంటనే, ఎందుకో తెలియదు, ఏడుపొచ్చింది. అయితే అమ్మది ఏదీ తన చేతిలో మిగల్లేదన్నమాట.

ఆ తర్వాత నూనె, ఉప్పు, కారం, నూతి నీళ్ళు వరసగా పరీక్ష అయ్యాయి. అన్నీ నీలమే. రత్తయ్యగారు న్యాయం అందరికీ ఒకటేనని తన వేలు కూడా కడిగి ఇచ్చారు. అప్పుడే వేపుడు తిన్న వేలేమో, ఆకుపచ్చ తిరిగింది. ఆయన ఆ సంగతి కాగితం మీదికి ఎక్కించలేదు. చివరికి ఎవరో పచ్చి దుంప ఒకటి తురిమి రసం పిండి ఇచ్చారు. గొట్టం దీపం మీద పెట్టీ పెట్టకముందే మందు పచ్చబడి, పసుపెక్కి, నారింజ దాటి, చక్కగా కాలిన ఇటుక రంగుకు వచ్చి ఆగింది.

"నాలుగు ప్లస్సులండీ, అంతకుమించి లెక్కే లేదు. మా డాక్టరుగారైతే వీటికి అన్నం మాన్పించేస్తారు" అన్నాడు మరియదాసు. అలవాటు కొద్దీ రిపోర్టు కూడా రాశాడు. పేరు, బంగాళాదుంప. వయసు, తెలియదు. చిరునామా, ఇబ్రహీంపట్నం దారి.

"దుంపకి షుగరెందుకొస్తుందయ్యా? అదేమన్నా గల్లా దగ్గర కూర్చుని ఉద్యోగం చేస్తోందా?" అన్నారు రత్తయ్యగారు. గల్లా దగ్గర నుంచి వెంకటరత్నమ్మగారు ఆయన వైపు ఒక చూపు చూసింది.

దానికి జవాబు చెప్పడానికి మరియదాసు మర్నాడు తన అక్క ఎలిజబెత్‌ను తీసుకొచ్చాడు. ఆవిడ పటమటలో బడిపిల్లలకు సైన్సు చెబుతుంది. గొడుగు మడిచి బల్లకు ఆనించి, ఎవరూ కూర్చోమనకుండానే కూర్చుంది. రత్తయ్యగారు ప్రమాణం చేయించబోతే వద్దంది.

"దుంపంటే ఏమిటండీ? మొక్క దాచుకున్న తిండి. ఎండ బాగున్న రోజుల్లో ఆకు తయారుచేసిందంతా పిండిగా మార్చి కింద దాచుకుంటుంది. మట్టిలోంచి తవ్వితే చచ్చిపోదు, బస్తాలో కూడా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. మీరు తీసుకెళ్ళి మంచులో పెట్టారు. దానికి కష్టమొచ్చింది. దాచిన పిండి విరగ్గొట్టి పంచదార చేసుకుంది. తియ్యటి నీళ్ళు తొందరగా గడ్డ కట్టవు. ప్రాణం కాపాడుకుంది, అంతే."

"మరి నలుపో?"

"పంచదార సలసల కాగే నూనెలో పడితే మాడదూ?"

రత్తయ్యగారికి ఇంకా నమ్మకం కుదరలేదు. పిండి పంచదార కావడం తానెక్కడా చూడలేదన్నారు.

"గాలివాన వచ్చిన ఏడు కుప్పలు తడిసి మొలకలొచ్చిన వడ్ల అన్నం మీరు తినలేదూ? ఎలా ఉంది?"

హాల్లో అందరికీ గుర్తొచ్చింది. డెల్టాలో పుట్టినవాడెవడూ ఆ అన్నం తినకుండా పెరగలేదు. "జిగురుగా, తియ్యగా ఉంటదండీ" అన్నారు నలుగురైదుగురు ఒకేసారి.

"అక్కడ తడి, ఇక్కడ చలి. దారులు వేరు, పని ఒకటే. దాచుకున్న పిండి తీపిగా మారింది."

అప్పటిదాకా మూల నిలబడ్డ బసవపున్నయ్య ముందుకొచ్చాడు. "అది మళ్ళీ మామూలవుతుందా అమ్మా?"

"చాలావరకు అవుతుంది. చలి పోయిందని దానికి నమ్మకం కలగాలి. పది పదిహేను రోజులు, ఇంకా ఎక్కువైనా పట్టొచ్చు. ఎండ తగలకూడదు, మరీ వేడీ తగలకూడదు, గాలాడాలి. కుళ్ళినవి ఎప్పటికప్పుడు ఏరెయ్యాలి."

బెజవాడ మే నెలలో వేడి తగలని చోటు ఎక్కడుంటుంది? బసవపున్నయ్య తన గది ఖాళీ చేశాడు. కిటికీకి తడిపిన గోనెపట్టా కట్టాడు, నులకమంచం మీద దుంపలు పరిచాడు, మంచం కింద ఇసుక పోసి మిగిలినవి సర్దాడు. తాను వాకిట్లో పడుకున్నాడు. రోజూ రెండు పూటలా ఒక్కొక్క దుంపనూ అటు తిప్పి ఇటు తిప్పి, మెత్తబడ్డవి తీసేస్తూ, "ఇక్కడ చలి లేదమ్మా. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు" అని చెప్పేవాడు. తలుపు సందులోంచి విన్న వెంకటరత్నమ్మగారు మరియదాసును పిలిచి, మనిషికి కూడా ఏదైనా పరీక్ష ఉందేమో చూడమంది.

రోజు విడిచి రోజు మరియదాసు ఒక దుంప రసం కాచేవాడు. ఇటుక రంగు నారింజకు దిగింది. రత్తయ్యగారు గోడ మీద బొగ్గుతో గీతలు గీశారు. టిక్కెట్లవాళ్ళు చెయ్యి కడుక్కుంటూ "ఎలా ఉన్నాయి?" అని అడిగేవాళ్ళు. "మొన్న మూడు ప్లస్సులండీ, ఇవాళ రెండున్నర" అనేవాడు బసవపున్నయ్య. "పర్లేదు, తేరుకుంటాయి" అని ధైర్యం చెప్పి ఆఫీసులకు వెళ్ళేవాళ్ళు. దొండకాయ వేపుడు తింటూ ఎవరూ ఒక్క మాట అనలేదు. ఈలోగా రైళ్ళు కదిలాయి, కొత్త దుంపలు మార్కెట్లోకి వచ్చాయి. బసవపున్నయ్య వాటి వైపు చూడలేదు. మాట పడింది ఈ దుంపలతో, తేలాల్సింది కూడా వీటితోనే అన్నాడు. సగం కుళ్ళిపోయాయి. మిగిలిన సగం ఇరవయ్యో రోజుకు లేత ఆకుపచ్చకు వచ్చి, మరో రెండు రోజులకు ఇంచుమించు నీలం దగ్గర నిలబడ్డాయి.

సోమవారం కోర్టులు తెరుస్తారనగా ఆదివారం మధ్యాహ్నం వేపుడు చేశాడు. కుడిచేత్తోనే గరిటె పట్టాడు. ముక్క నల్లబడలేదు. పసుపు దాటింది, ఎరుపు దగ్గరికి వచ్చింది, ఆగింది. వెల్లుల్లి కారం చల్లి దించి, రుచి చూడకుండా వడ్డించాడు. నలభై మంది కళ్ళు తుడుచుకున్నారు.

గల్లా బల్ల మీద వెంకటరత్నమ్మగారు రాసిన కార్డు ఉంది. తెనాలి తిరుపతిరావును ఇక రావద్దని. ఇంకా తపాలా డబ్బాలో పడలేదు. దాని పక్కనే ఫ్రేము కట్టించిన తీర్పు. రత్తయ్యగారు లేచి నిలబడి చదివారు. ముద్దాయి నిర్దోషి. కూర తియ్యనవడానికి కారణం చలి. ముద్దాయి పుట్టుకతో, పెంపకంతో, తల్లి వైపునా తండ్రి వైపునా అచ్చమైన కృష్ణా జిల్లా వాడు. ఈ కాగితం హాల్లో అందరికీ కనబడేలా మేకు కొట్టి తగిలించవలెను.

మేకు, సుత్తి సిద్ధంగా ఉన్నాయి. బసవపున్నయ్య కదల్లేదు. ఊరుకుంటే పోయేదేమీ లేదు. పొయ్యి ఉంటుంది, గది ఉంటుంది, గోడ మీద పేరుంటుంది. కార్డు వైపు ఒకసారి చూశాడు.

"అది కొట్టకండి గుమాస్తాగారూ" అన్నాడు.

"ఎందుకయ్యా?"

"తల్లి వైపున అన్నారు కదండీ. మా అమ్మది పాలకొల్లు పక్కనండీ. అన్నిట్లోనూ బెల్లం వేసేదంట."

సుత్తి పట్టుకున్నవాడు దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టాడు. రత్తయ్యగారు కూర్చుని, విస్తట్లో మిగిలిన ముక్క ఒకటి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలారు.

"అదీ సంగతి. ఇవాళ కూడా ఎక్కడో సన్నగా తగులుతూనే ఉందయ్యా" అన్నారు.

పక్కవాళ్ళు కూడా నమిలి చూసి తగులుతోందన్నారు. "పొద్దున నీలమే వచ్చిందండీ, నేను చూశాను" అని మరియదాసు ఐదో బల్ల నుంచి మొత్తుకున్నాడు. అతని మాట ఎవరూ వినలేదు. వెంకటరత్నమ్మగారు లేచొచ్చి రెండు ముక్కలు చేతిలో వేయించుకుని తిన్నది. తిని, కార్డు తీసుకుని తపాలా డబ్బాలో వెయ్యడానికి చెప్పులేసుకుంది.

"ఇంకాస్త వెయ్యి" అన్నారు రత్తయ్యగారు, విస్తరి ముందుకు జరుపుతూ.

బసవపున్నయ్య గరిటె నిండా తీసి వడ్డించాడు. "మా అమ్మ పేరు మాణిక్యమండీ" అన్నాడు. ఎవరూ అడగలేదు.